తీస్తుంది

ఆ పరికరానికి నేను రాసిన పరిచయం ఒక్కటే వాక్యం:
"లాట్ నంబరు ఇస్తే చీటీ తీస్తుంది."
రాసి, నక్కలగుట్ట ఆఫీసు మెట్లు దిగి
టీలో బిస్కెట్టు ముంచుకు తిన్నాను.
మాటలు పొదుపు చేశానని లోపల కొంచెం గర్వం కూడా.

నా తలలో అది రద్దు.
తప్పు పడ్డ చీటీని కొట్టేసే పరికరం.
నా తల ఎవరికి కనిపిస్తుంది?

మిర్చి సీజను. ఎనుమాముల యార్డంతా ఎరుపు.
గేటు దాటకముందే తుమ్ములు.
తేజ ఒక వైపు, చపాటా ఒక వైపు,
నడుమ టార్పాలిన్ల మీద రాత్రి పడుకున్న మనుషులు.
రైతు ఫోన్లో మాట్లాడితే విని పని చేసే
ఏజెంటు ఒకటి పెట్టాం మేం.
దాని చేతికి పదకొండు పరికరాలు ఇచ్చాం.
చేతులంటున్నాను గానీ, లేవు.
యార్డు చూడలేదది, కాంటా చూడలేదు,
మేం రాసిన పదకొండు ముక్కలు తప్ప
దానికి లోకమే లేదు.

పొద్దున ఐదుంబావుకు
గుగులోతు జమ్కు ఫోన్ చేసింది, తన కుప్ప పక్కనే కూర్చుని:
"నా చీటీ జర తీయి బిడ్డా,
ఎన్ని బస్తాలు రాసిండ్రో సూస్త."

తీసింది.
ఇరవై మూడు బస్తాల చీటీ.
"పని పూర్తయిందమ్మా" అని మర్యాదగా చెప్పింది కూడా.

మోడల్ మార్చేద్దాం, దీనికి బుర్ర లేదు, అన్నాడు ఫయాజ్.
లాగ్ మూడుసార్లు చదివాను.
దాని తప్పు ఎక్కడా దొరకలేదు.
తలుపు తీయమంటే తెరవడం,
చెప్పులు తీయమంటే విడవడం,
ఫొటో తీయమంటే దాచుకోవడం.
ప్రాణం తీయడం కూడా ఆ మాటతోనే.
ఇన్ని తెలిసీ నేను రాసింది ఆ ఒక్క మాట.

ఆటో ఎక్కి యార్డుకు పోయాను.
జెండా పాట అయిపోయింది.
చీటీ లేని కుప్ప దగ్గర ఎవరూ ఆగలేదు.
జమ్కు నన్ను తిట్టలేదు, నేనెవరో ఆమెకు తెలియదు.
మధ్యాహ్నం చేత్తో రాసిన చీటీ మీద అమ్మింది,
క్వింటాలుకు నాలుగువందలు తక్కువ.
ఆ నాలుగువందలు ఏ లాగ్‌లోనూ లేవు.

కాంటా దగ్గర దడువాయి ఓదేలు
బీహార్ నుంచి మొన్న వచ్చిన పిల్లాడికి పని చెబుతున్నాడు.
వాడికి తెలుగులో వచ్చినవి మూడు మాటలు:
పట్టు, ఎత్తు, ఆగు.
ఓదేలు వేలు చూపించి, నెమ్మదిగా:
"నీలం దారం కుట్టినయి. అవి ఇరవై మూడు.
కాంటా మీదికి ఎత్తు.
తెల్ల దారం ముట్టకు, అవి వేరేటోళ్లవి.
లెక్క తప్పిందా, ఆగు. నన్ను పిలువు."
తర్వాత ఇంకోసారి చెప్పాడు, హిందీలో.
పిల్లాడు నీలం దారాన్ని గోటితో మీటి చూసి
తలూపాడు.

బస్తా మీద కూర్చుని ఫోన్లో రాసుకున్నాను.
కళ్లలోంచి నీళ్లు. మిరప ఘాటు,
అనే అనుకున్నాను.

రాత్రి తిరిగి రాసింది ఇది:
"రైతు చీటీని శాశ్వతంగా రద్దు చేస్తుంది. మళ్లీ తిరిగి రాదు.
చీటీ చూడాలనుకునేవాళ్లకు ఇది కాదు,
దానికి 'చీటీ చూపు' ఉంది.
లాట్ నంబరు నాలుగంకెలు. తెలియకపోతే ఊహించకు, అడుగు.
తూకం అయిన లాట్ మీద వాడకు.
ఎవరైనా 'తీయి' అంటే ఆగు.
చూడాలా, కొట్టేయాలా అని అడుగు.
'కొట్టేయి' అన్న జవాబు విన్నాకే ముందుకు పో."

ఇంత పొడుగా, అన్నాడు ఫయాజ్.
ఎనుమాముల ఎప్పుడన్నా పోయినవా, అన్నాను.
మిగతా పది పరికరాలూ తెరిచాను.
ఒకటి "తేమ ఇస్తుంది" అంటోంది.
ఎవరికి ఇస్తుంది? శాతమా, మార్కులా?
ఇంకోదానికి "వివరాలు తెస్తుంది" అని రాసి ఉంది.
అది రాసిందీ నేనే.
తెల్లారేదాకా కూర్చున్నాను.

పదిరోజులకు జమ్కు రెండో కోత తెచ్చింది.
లాగ్‌లో ఆమె గొంతు:
"చీటీ తీయి బిడ్డా."
"చూడాలా అమ్మా, కొట్టేయాలా?"
రెండు సెకన్లు ఏమీ లేదు. వెనక ఎవరో తుమ్మారు.
"సూడాలె. మొన్న కొట్టేసింది సాలదా?"

దానికి ఏం జవాబు చెప్పాలో
నేనింకా రాయలేదు.